మంత్రిగారి గొయ్యి

దుకాణం పెట్టిననాడు రంగనాయకులు చేతిలో ఉన్నవి ఇవి: సోడా కొట్టే మిషను ఒకటి, గోలీసోడా సీసాలు నాలుగు డజన్లు, తాటాకు పాక ఒకటి, పాక ముందు బల్ల ఒకటి, బల్ల ముందు రోడ్డులో గొయ్యి ఒకటి. మొదటి నాలుగూ అతని సొంతం. అయిదోది ప్రభుత్వానిది. అయినా అయిదింటిలోనూ అతనికి అన్నం పెట్టింది ఆ అయిదోదే.

ట్రంకు రోడ్డు నుంచి సముద్రం వైపు వచ్చే తారు రోడ్డు ఉప్పుకాలువ పాళెం దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో ఒక తుఫానుకు పడిన గొయ్యి అది. మోకాటి లోతు. రెండు పక్కలా ఇసక. నిండు బస్సును ఇసకలోకి తిప్పితే చక్రాలు కూరుకుపోతాయి. అందుకని బస్సు అక్కడ ఆగేది. డ్రైవరు జకరయ్య జనాన్నంతా దించి, ఖాళీ బస్సును నిండు చూలాలిని కాలువ దాటించినట్టు మెల్లగా గోతిలోకి దించి, మెల్లగా పైకెక్కించేవాడు. ఆ పది నిమిషాలూ జనం ఎండలో నిలబడేవాళ్లు. ఎండకు దాహం వేసేది. దాహానికి ఎదురుగా రంగనాయకులు ఉండేవాడు.

గోతిని తిట్టని వాడు లేడు. జకరయ్య తిట్టేవాడు, బండివాళ్లు తిట్టేవాళ్లు. చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాళెం పేరమ్మ అందరికంటే బాగా తిట్టేది. ఇసకలో రెండు రోజులకు ఎండే చేప తారు మీద ఒక్క రోజులో ఎండుతుంది గనక ఆమె రోడ్డు మీదే చేపలు ఆరబోసేది. బస్సు గోతిలో దిగినప్పుడల్లా బురదనీళ్లు వాటి మీద చిందేవి. రోడ్డు మీద ఆ చేపలేమిటని జకరయ్య ఆమెనూ తిట్టేవాడు. రంగనాయకులు మాత్రం ఎవరినీ తిట్టలేదు. పాక వేయకముందు అతను సోడాల గంప నెత్తిన పెట్టుకుని ఎనిమిదేళ్లు సముద్రం ఒడ్డున తిరిగినవాడు. గొయ్యి పూడిన మరునాడు ఆ గంప మళ్లీ తన నెత్తికెక్కుతుందని అతనికి తెలుసు.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. సమితి ప్రెసిడెంటు పద్మనాభయ్య గారికి సమితితో పాటు జీపు కూడా వచ్చింది. జీపు ఒకనాడు ఆ గోతిలో దిగి యాక్సిలు విరగ్గొట్టుకుంది. అంతవరకు ఎవరి కంటా పడని ప్రజల బాధ ఆ క్షణంలో ప్రెసిడెంటు గారి కంట పడింది. ఆయన సోడా బల్ల ఎక్కి నిలబడి, వచ్చే ఆదివారం నుంచి రహదారి పీడా నివారణ వారోత్సవం జరుగుతుందనీ, మంత్రిగారు స్వయంగా వచ్చి మొదటి గంప కంకర ఈ గోతిలో పోస్తారనీ ప్రకటించారు.

"ఆ వారం దాటినాక మన సమితిలో పిల్లకాయలు గొయ్యి అంటే ఏందో పుస్తకంలో చూసి తెలుసుకోవాల్సిందే," అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు రెండు సోడాలు తాగారు. తన దుకాణం మూతపడే ముహూర్తానికి రంగనాయకులే స్వయంగా గోలీ కొట్టి ఇచ్చాడు.

మంత్రిగారి చేత గంప మోయించడం దేనికని మరునాడే జకరయ్య, నలుగురు పట్టపువాళ్లు కలిసి గుల్లా కంకరా తెచ్చి గొయ్యి సగం పూడ్చారు. రంగనాయకులు పాకలో కూర్చుని ఒక్కొక్క గంపా లెక్కపెట్టుకుంటుండగా ఓవర్సీరు రమణయ్య సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు.

"ఎవరినడిగి పూడుస్తా ఉండారు?"

"గోతినడిగినాం సార్, సరేనన్నది," అన్నాడు జకరయ్య.

"ఇది మంత్రిగారి గొయ్యి. మీరే పూడిస్తే ఆయన వచ్చి ఏం పూడ్చేది? తియ్యండి కంకర."

తీశారు. మళ్లీ ఎవరూ అలాంటి సాహసం చేయకుండా గోతికి ఒక కాపలాదారుణ్ణి వేశారు. పీడను కాపాడటానికి ప్రభుత్వోద్యోగం ఇచ్చిన మొదటి సమితి మనదేనని పద్మనాభయ్య గారు గర్వపడలేదు. ఆయనకు అలాంటి గర్వాలు లేవు.

మంత్రిగారికి ఆ ఆదివారం వీలుపడలేదు. తర్వాతి ఆదివారమూ పడలేదు. వానలకు గొయ్యి అంచులు జారి లోతు తగ్గింది. ఈ లోతైతే ఫోటోలో గొయ్యి కనపడదనీ, పత్రికలవాళ్ల ముందు పరువు పోతుందనీ ఓవర్సీరు రాసి పంపితే నలుగురు కూలీలను పెట్టి నడుము లోతు తవ్వించారు. ఇప్పుడు బస్సు దాటడానికి అరగంట పడుతోంది. సోడాలు చాలక రంగనాయకులు ఇంకో డజను సీసాలు తెప్పించాడు. అయినా అతనికి రాత్రిళ్లు నిద్ర లేదు. కోయబోయే పొట్టేలును మేపినట్టుంది ఆ బేరం.

మూడో నెలకు తేదీ ఖాయమైంది. రోడ్డు మీద చేపలు కూడా పీడల జాబితాలో ఉన్నాయి గనక తీసెయ్యమని పేరమ్మకు నోటీసు అందింది. ఆమె దాన్ని పట్టుకొచ్చి రంగనాయకులు చేత చదివించుకుంది.

"నా చేపలేమో పీడంట, నీ గోతికేమో కావిలి. మీ గొయ్యికి పెళ్లి చేస్తా ఉండారా ఏందన్నా? మాకు తాంబూలం కూడా లేదే."

"పెళ్లి కాదులేమ్మా," అన్నాడు రంగనాయకులు. "దినం."

ముందునాటి మధ్యాహ్నం సరుగుడు గుంజలతో స్వాగత ద్వారం కట్టారు. గుంజలు రోడ్డు పక్క ఇసకలో పాతారు. మూడింటికి సముద్రపు గాలి లేచింది. మామిడాకులతో, రంగు కాగితాలతో, మంత్రిగారి బొమ్మతో సహా ద్వారం వచ్చి సన్నాయి మేళం మీద పడింది. మనుషులకేం కాలేదు. డోలు పగిలింది.

ప్రెసిడెంటు గారు కుంగిపోయి సోడా బల్ల మీద కూర్చున్నారు. ఆయన దిగులు ద్వారం గురించి కాదు. నెల్లూరులో చెక్కించిన నల్లరాతి శిలాఫలకం బండి మీద ఉంది. ఆరడుగులది. దాన్ని పాతాల్సింది కూడా రోడ్డు పక్క ఇసకలోనే. రేపు అది మంత్రిగారి మీద పడితే?

రంగనాయకులు సోడా కొట్టి చేతికిచ్చాడు. ఆయన సగం తాగేదాకా ఆగాడు.

"అయ్యా, ఇసకలో పాతితే పడిపోద్ది. పడకపోయినా, చదివినోళ్లు మంత్రిగారు ఇసకలో గొయ్యి పూడ్చినాడనుకుంటారు."

"మరి యాడ పాతేదయ్యా?"

"పూడ్చింది యాడో ఆడే. కంకర పోసి దిమ్మిస కొడతారు గదా, రాయి నూరేళ్లు కదలదు."

పద్మనాభయ్య గారు ఓవర్సీరును చూశారు. ఓవర్సీరు గోతిని చూశాడు. తర్వాత కాగితాలు చూశాడు.

"ఎస్టిమేటులో రాయి అని ఉంది సార్. యాడ అని లేదు."

మంత్రిగారు నాలుగు గంటలు ఆలస్యంగా, రావడం మాత్రం చాలా వేగంగా వచ్చారు. వెండి గంపతో కంకర పోశారు. కూలీలు మిగతాది పోసి, దిమ్మిస కొట్టి, సిమెంటుతో రాయి నిలబెట్టారు. గొయ్యి లేని రాష్ట్రమే తన కల అని మంత్రిగారు గంటసేపు మాట్లాడారు, ఫోటో తీయించుకున్నారు, సోడా తాగారు. ఆయన కారు వచ్చిన దారినే వెనక్కు తిరిగింది. రాయి దాటి ముందుకు పోవాల్సిన పని ఆయనకు లేదు.

మరునాడు పొద్దున మొదటి బస్సు వచ్చింది. రోడ్డు నట్టనడుమ రాయి. జకరయ్య దిగి, చేతులు కట్టుకుని, అక్షరం అక్షరం చదివాడు: "ఇచ్చట గల గొయ్యి గౌరవనీయ మంత్రివర్యుల అమృత హస్తములచే పూడ్చబడి ప్రజలకు అంకితమైనది." చదివి వెనక్కు తిరిగాడు.

"దిగండి," అన్నాడు. "దిగి తొయ్యండి."

ఖాళీ బస్సు ఒక పక్క చక్రాలతో ఇసకలో దిగింది. ఆడామగా కలిసి ముప్పావుగంట తోశారు. గోతికి జనం ఊరికే నిలబడేవాళ్లు, తలకొక సోడా తాగేవాళ్లు. రాయికి వాళ్లు చెమటలు కక్కారు, తలకు రెండు తాగారు. రాయిని పక్కకు జరపమని జకరయ్య ఓవర్సీరుకు అర్జీ పెట్టుకుంటే, గోతినైతే తామే పూడ్చగలమనీ, మంత్రిగారి పేరున్న రాయిని కదపాలంటే మంత్రిగారే రావాలనీ జవాబు వచ్చింది. పేరమ్మ నోటీసును గౌరవించి రోడ్డు వదిలేసింది. నల్లరాయి ఎండకు తారు కంటే బాగా కాగుతుందని కనిపెట్టి చేపలు దాని మీద వేలాడదీసింది.

సంవత్సరం తిరిగేసరికి రంగనాయకులు చేతిలో ఉన్నవి ఇవి: మిషన్లు రెండు, సీసాలు పన్నెండు డజన్లు, తాటాకు బదులు పెంకుల కొట్టు ఒకటి, బల్లలు మూడు, గొయ్యి లేదు, రాయి ఒకటి. శుక్రవారం శుక్రవారం అతను పేరమ్మ చేపలు తీసి పక్కన పెట్టి, రాయిని కడిగి, చామంతి దండ వేస్తాడు. ఒకనాడు జీపులో అటు వచ్చిన ప్రెసిడెంటు గారు అది చూసి కదిలిపోయారు. ఆ లెక్కలో చివరన చేరింది ఆయన ఇచ్చినదే: సమితి రహదారి పీడా నివారణ సంఘంలో సభ్యత్వం, ఒకటి.