స్మార్ట్‌వాచీ మీద విచారణ

ఒక పెద్ద అడవిలో జంతువులకి పులి భయం కన్నా కమిటీల భయం ఎక్కువ. పులయితే ఒక్కసారే తింటుంది.

అక్కడ ఒక చట్టం ఉండేది. వస్తువు పనిముట్టయితే అవసరమున్న జంతువుకి, ఆభరణమయితే కమిటీ సభ్యులకి. అందుకని సభ్యులు మనసుపడ్డ ప్రతిదాన్నీ ఆభరణం చేసేసేవారు. పోయినేడు ఉప్పుగడ్డని కూడా మెడలో వేలాడదీసుకుని, తీరిగ్గా నాకారు.

ఈ ఏడు యాత్రికులు మరిచిపోయిన సంచిలో నాలుగు స్మార్ట్‌వాచీలు దొరికాయి. ఒకదాన్ని కోతి తెచ్చి చుక్కమ్మ అనే జింక కాలికి కట్టింది. చుక్కమ్మకి గుండెజబ్బు. గుండె లయ తప్పగానే వాచీ జుయ్యిమనేది, చుక్కమ్మ పరుగాపి నీడన కూలబడేది. వాచీ లేనప్పుడు రెండుసార్లు పడిపోయింది. మూడోసారి పడితే లేవదని వైద్యుడు కొంగ చెప్పేసింది.

మిగతా మూడూ విచారణ సంఘానికి చేరాయి. పరిశీలన పేరుతో నక్క, ఎలుగుబంటి, నెమలి తలొకటీ కట్టేసుకున్నాయి. నాలుగోది తెస్తానని అధ్యక్షుడు నక్క అప్పటికే పెళ్లానికి మాటిచ్చేసింది.

విచారణ రోజు పొద్దున పదకొండింటికి చుక్కమ్మ వచ్చి నిలబడింది.

"అయ్యా, ఇది నాకు సోకు కాదు, ప్రాణం."

"ప్రాణమైతే లోపలుండాలి గానీ, ఇలా తళతళలాడుతూ పైనెందుకుంటుందమ్మా?" అంది నెమలి.

చుక్కమ్మ తన జబ్బు సంగతంతా చెప్పుకుంది. సభ్యులు కళ్లు మూసుకుని ఆలోచించారు. మధ్యాహ్నం రెండింటికి సింహం తీర్పు వినడానికి వచ్చేసరికి నక్క గబుక్కున లేచింది.

"మూడు గంటలు కునుకు లేకుండా పరిశీలించాం ప్రభూ! మెరుస్తోంది, రంగులు మారుస్తోంది. టైము చెప్పడానికి సూర్యుడున్నాడు. కనక ఇది ఆభరణం."

"అయితే విప్పి ఇచ్చెయ్యి," అంది సింహం జింకతో.

చుక్కమ్మ నోరు విప్పింది. "ఇస్తాను ప్రభూ. ఒక్కసారి వారి వాచీలు కూడా చూడండి. ఎవరెప్పుడు పడుకున్నదీ, ఎప్పుడు లేచిందీ ఇది రాసిపెడుతుంది."

సింహం నక్క చెయ్యి దగ్గరికి లాక్కుని చదివింది. "గాఢనిద్ర. పదకొండుంపావు నుంచి రెండు దాకా." నెమలిదీ అంతే. ఎలుగుబంటి వాచీలో నిద్ర ఇంకా నడుస్తూనే ఉంది.

"బ్రహ్మాండమైన నగ!" అంది సింహం. "ఇకనుంచి సభకి ఇది పెట్టుకునే రండి. రోజూ సాయంత్రం నేను చూస్తాను."

నక్క గబగబా తన వాచీ విప్పేసింది. "పొరపాటైంది ప్రభూ! ఇది పచ్చి పనిముట్టు! మాలాంటి వాళ్లు తాకనే కూడదు!"

నెమలి తన వాచీ పట్టీని ముక్కుతోనే తెంపేసింది. ఎలుగుబంటికి నిద్రలోనే ఊడబీకారు. ఆ మూడు వాచీలూ గుండెజబ్బున్న ముసలి జంతువులకి వెళ్లాయి. చుక్కమ్మ తన వాచీతో ఇంటికి వెళ్లింది. సిగ్గులేని సంఘం మాత్రం మళ్లీ కళ్లు మూసుకుని ఆలోచనలో పడింది.

నీతి: న్యాయం కావాలంటే మన కష్టం చెప్పుకోకూడదు, పెద్దల నిద్ర సంగతి చెప్పాలి.