రుక్కమ్మ తల గోక్కున్న రోజు

శనివారం పొద్దున శ్రుతి అనుకున్న పని చిన్నదే. పిల్లవాడికి తలస్నానం చేయించి, జుట్టు ఆరబెట్టి, స్టూడియోకు తీసుకుపోయి ఫొటోలు తీయించాలి. మర్నాడు వాడికి పుట్టువెంట్రుకలు. గుండు చేయించాక ఫొటోలు అందరూ తీయిస్తారు, గుండుకు ముందు తీయించేది తానొక్కతే అని ఆమె నమ్మకం. గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి శివశంకర్ భార్య ఏదైనా నమ్మితే ఆ వీధిలో కాదనేవాళ్లు లేరు.

ఆ ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకునే మనిషి పాన్‌గల్ రుక్కమ్మ. ఆయా అంటే దవాఖాన గుర్తుకొస్తుందని శ్రుతి ఆమెను నానీ అని పిలిచేది. హైదరాబాదులో స్నేహితురాలి ఇంట్లో అట్లాగే పిలుస్తారట. ఆ పిలుపు పిల్లవాడికేమో అనుకొని రుక్కమ్మ కొన్నాళ్లు పలకనే లేదు. చీర మీద తొడగడానికి తెల్ల కోటు కూడా ఇచ్చారు. జేబు మీద ఎలుగుబంటి బొమ్మ. అది తొడుక్కొని కూరగాయలకు పోతే, అంగట్లో ఒక ముసలాయన సూది వేయమని జబ్బ చూపించాడు.

పిల్లవాడికి కాటుక పెట్టొద్దు, పల్లె పాటలు పాడొద్దు, బువ్వ అనొద్దు అని రుక్కమ్మకు ఆజ్ఞలు. వాడు మాత్రం బువ్వే అడిగేవాడు, రుక్కమ్మ చేతితోనే తినేవాడు. తల్లి ఒడి వాడికి ఫొటోలప్పుడే తెలుసు.

ఆదివారం రుక్కమ్మకూ పని ఉంది. ఆమె బిడ్డ కూతురు శ్రీజకు పాన్‌గల్‌లో అదే రోజు పుట్టువెంట్రుకలు. పంచాంగం మేడలకొక ముహూర్తం, రేకుల ఇళ్లకొక ముహూర్తం పెట్టదు కదా. సెలవు కోసం ఆమె శ్రుతి వెంట తిరుగుతూనే ఉంది.

"అమ్మమ్మ లేకుంట పుట్టెంటికలు ఎట్ల తీస్తరు మేడం? నా బిడ్డ ఏడుస్తుంది."

"నువ్వు లేకుంటె వీడు ఏడుస్తడు. డ్రోను వీడియో మొత్తం ఖరాబైతది. నీ బిడ్డ ఏడ్పు వీడియోల పడదు కద."

చెప్పి లాభం లేని చోట రుక్కమ్మ మాట వృథా చేయదు.

ముందురోజే దిగిన శ్రుతి తమ్ముడు శ్రీనాథ్, మేనల్లుడి మీద ప్రేమకొద్దీ వాడి నోట్లో బబుల్‌గమ్ పెట్టాడు. స్నానానికి తీసుకుపోయేసరికి అది నోట్లో లేదు, నడినెత్తిన జుట్టులో ఉంది. శ్రుతి లాగింది. వాడు ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాడు. స్టూడియోవాడు రెండోసారి ఫోన్ చేశాడు.

ఆమె కత్తెర తీసుకుంది. "మేడం, కత్తెర..." అని రుక్కమ్మ అనబోయింది. "నువ్వు జర ఊకో" అని శ్రుతి ఆ ముద్దను మొదలంటా కోసేసింది. చేతిలోకి వచ్చిన కుచ్చును చూసుకున్నాక గుర్తొచ్చింది. మేనమామ చేయి పడేదాకా పుట్టువెంట్రుకలకు ఇనుము తగలకూడదు. ఆ జుట్టు కురుమూర్తి స్వామికి మొక్కింది. మొక్కింది అత్త ముత్యాలమ్మ. స్వామి గుట్ట మీద లైటింగు కుదరదని కోడలు ఫంక్షన్ హాలు మాట్లాడితేనే ఆమె మూడు రోజులు మాట్లాడలేదు.

అరుపు విని అత్త రానే వచ్చింది. శ్రుతి కుచ్చును గుప్పిట్లో దాచి, "ఊడిపోయిందత్తమ్మా, దానంతటదే" అంది.

ముత్యాలమ్మ మనుమడి తల వంచి చూసింది. నడినెత్తిన గుండ్రంగా, నున్నగా ఉంది.

"పేనుకొరుకుడు" అంది.

ఒకచోట జుట్టు గుండ్రంగా ఊడితే పేను కొరికిందనడం ఆ ప్రాంతపు వాడుక. ఆమె నెమ్మదిగానే అంది గాని, వంట మనిషి వింది. వంట మనిషి వింటే పక్కింటికి వేరే చెప్పనక్కర్లేదు. శ్రీనాథ్ భార్య తన పిల్లల తలలకు తువ్వాళ్లు చుట్టి కారులో కూర్చోబెట్టింది. జడలు వేయడానికి వచ్చిన బ్యూటీపార్లర్ పిల్ల, దువ్వెనల పెట్టె తెరవకుండానే చంకన పెట్టుకొని వెళ్లిపోయింది. ఇటువంటివి అంటుకుంటాయా అని చుట్టాలు ఫోన్లు మొదలుపెట్టారు. అడిగినవాళ్లలో సగం మంది కడుపునొప్పి వచ్చిందన్నారు.

మధ్యాహ్నానికి ఆ ఇంటి ఆడవాళ్లంతా విదేశీ సోఫాల మీద వరసగా కూర్చొని ఒకరి తల ఒకరు చూసుకుంటున్నారు. శివశంకర్ తలను ఎవరూ వెతకలేదు. అక్కడ పేను నిలువడానికి నీడ లేదు. "పత్తికైతే ఏ మందు గొట్టాల్నో చెప్తుంటి" అని ఆయన నిట్టూర్చి లోపలికి పోయాడు.

ఎవరి తలలోనూ ఏమీ దొరకలేదు. అప్పుడు అందరి చూపూ రుక్కమ్మ మీదికి పోయింది.

"ఊరోళ్ల తలల సంగతి తెల్వదా మనకు" అంది ముత్యాలమ్మ. ఆమె పుట్టింది బిజినేపల్లి పక్క పల్లెలో. మేడ కట్టాక ఆ సంగతి మరిచింది. "ఏం రుక్కమ్మ, నీకున్నయా?"

శ్రుతి గోడ గడియారం చూస్తోంది. రుక్కమ్మ ఒక్క మాట చెబితే నిజం బయటపడుతుంది. నిజం బయటపడితే పేను లేదు. పేను లేకపోతే రేపు సెలవు లేదు. రుక్కమ్మ కొప్పులోకి వేళ్లు పోనిచ్చి, అందరూ చూసేట్టు నింపాదిగా గోక్కుంది.

సోఫాలన్నీ ఒకేసారి వెనక్కి జరిగాయి.

"నడువ్. పుట్టెంటికలు అయ్యేదాంక ఈ ఇంటి దిక్కు రాకు" అంది ముత్యాలమ్మ.

రుక్కమ్మ ఎలుగుబంటి కోటు కొక్కేనికి తగిలించి, వనపర్తి బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో పొద్దుగూకకముందే పాన్‌గల్ చేరింది.

ఆదివారం ఫంక్షన్ హాలులో పిల్లవాడు మంగలిని చూశాడు. తర్వాత రుక్కమ్మ కోసం చూశాడు. కనబడకపోయేసరికి మొదలుపెట్టాడు. మేనమామ వేలు కొరికాడు, పసుపునీళ్ల చెంబు తన్నాడు. పెద్ద తెర మీద వాడి నోరు తలుపంత కనిపించింది. శ్రుతి ఒడిలోకి తీసుకుంటే ఇంకా ఎక్కువైంది. మిట్టమధ్యాహ్నం దాటితే ముహూర్తం పోతుందని పంతులు అన్నాడు. వచ్చిన కొద్దిమందిని చూసుకోవడానికి శివశంకర్‌ను అక్కడే వదిలి, పిల్లవాణ్ణి, మేనమామను ఎక్కించుకొని అత్తాకోడళ్లు పాన్‌గల్‌కు కారు తీయించారు.

రుక్కమ్మ ఇంటి ముందు శ్రీజకు అప్పుడే గుండు అయింది. మంగలి వెంకటన్న గంధం పూస్తున్నాడు. పిల్లవాడు కారు ఆగకముందే దిగబోయాడు. రుక్కమ్మ ఒడిలో పడ్డాక, ఏడ్చింది వీడేనా అన్నట్టు శ్రీజ గుండు తడిమి నవ్వాడు.

"జర కారెక్కు రుక్కమ్మ" అంది ముత్యాలమ్మ.

"ఎట్లొస్తనమ్మా. నాకు పేన్లున్నయ్ గద. చిన్నోనికి ఇంకోకాడ గూడ కొరికితె ఎవరిది జిమ్మేదారి?"

అని రుక్కమ్మ శ్రుతి వైపు చూసింది. చుట్టాలంతా చూస్తున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"పేన్లు లేవత్తమ్మా" అంది శ్రుతి, చెప్పుల వైపు చూస్తూ. "నేనే కత్తెర పెట్టిన."

ముత్యాలమ్మ కోడల్ని చూసింది, ఆకాశాన్ని చూసింది. కోడలి సంగతి ఇంటికి పోయాక చూడొచ్చు, సూర్యుడు ఆగడు. "ఈడనే కూసోపెట్టు" అంది. బబుల్‌గమ్ ఎవరిచ్చారని ఎవరైనా అడిగేలోపే శ్రీనాథ్ కత్తెర అందుకున్నాడు. రుక్కమ్మ ఒడిలో, శ్రీజ కూర్చున్న చాప మీదే, అదే వెంకటన్న చేత పిల్లవాడికి గుండు అయింది. వాడు నిద్రపోయాడు.

కారెక్కబోతూ శ్రుతి, "రేపొస్తవు కద, రుక్కమ్మా" అని అడిగింది. రుక్కమ్మ కొప్పు వైపు చేయి ఎత్తి, మళ్లీ దించుకుంది. "శ్రీజమ్మ పండుగ అయినంక జూస్త" అంది.

గద్వాల హాలులో డ్రోను మాత్రం చెప్పిన వేళకే ఎగిరింది, గుండు తీయమని చెప్పారు కనుక భోజనానికి కూర్చున్న శివశంకర్ నున్నటి తలను అన్ని వైపుల నుంచీ చక్కగా తీసింది.