చప్పుడు పరిహారం

ఆకాశం కేంద్ర ప్రభుత్వానిదే అయినా, అందులోంచి కిందపడే చప్పుడు మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదేనని మంత్రిగారు విశాఖపట్నంలో సభాముఖంగా ప్రకటించారు. యుద్ధవిమానాలు తాటిచెట్ల ఎత్తున ఎగిరి ఎవరికి నష్టం కలిగించినా పరిహారం ఇప్పిస్తామన్నారు. ఆ పనికి గురునాథరావుగారిని స్పెషలాఫీసరుగా వేశారు.

జోగమ్మది విమానాల మైదానాన్ని ఆనుకున్న పల్లె. కంచరపాలెంలో పాలు పోసి ఇల్లు నడుపుకునేది. సరిగ్గా పితికే వేళకి విమానం నెత్తిమీంచి పోవడం మొదలయ్యాక గేదె చేపడం మానేసింది. పాలు పోసే ఇళ్ళు ఒకటొకటే చేజారాయి. అర్జీ పెట్టుకుంది.

గురునాథరావుగారు నిప్పులాంటి మనిషి. సాక్ష్యం లేనిదే సూర్యోదయాన్ని కూడా ఒప్పుకోరు. జీపు దిగుతూనే విమానం నంబరెంతని అడిగారు.

"నాను పొదుగు కాడ కూకుంటాను బాబూ. గేదె సూసిందేమో, దాన్నడగండి," అంది జోగమ్మ.

ఆయన గేదెవైపు కాసేపు చూశారు. జంతువుల వాంగ్మూలం రూల్సులో లేదన్నారు. "రేప్పొద్దున నేనే వింటాను. నేను విన్నదే చప్పుడు."

తెల్లారేసరికి వచ్చి, దగ్గర్నించి వినాలని గడ్డివామి ఎక్కారు. జోగమ్మ వద్దంది. చెవుల్లో దూదైనా పెట్టుకోమంది. దూది పెట్టుకుని విచారణ జరిపితే పక్షపాతం అవుతుందని ఆయన మందలించారు.

విమానం వచ్చింది. వామి మీది గడ్డి లేచిపోయింది. గేదె పలుపు తెంపుకుని పరిగెత్తింది. గురునాథరావుగారు మాత్రం ఎక్కడివారక్కడే నిలబడి ఉన్నారు. జోగమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నారు కదా బాబూ?"

ఆయన ప్రసన్నంగా నవ్వారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ నవ్వారు.

నెల తిరక్కుండానే పరిహారం మంజూరైంది, కర్తవ్య నిర్వహణలో రెండు చెవులూ అర్పించిన గురునాథరావుగారికి. అంతటితో ఆగక, జిల్లాలోని ఫిర్యాదులన్నీ వినే పదవిలో ఆయన్నే పర్మనెంటు చేశారు.

జోగమ్మ గేదెని విమానాలు తిరగని పద్మనాభంలో తమ్ముడి ఇంట కట్టేసి వచ్చింది. అక్కడది బాగానే పాలిస్తోంది; తాగేది తమ్ముడి పిల్లలు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆఫీసుకెళ్ళింది. గురునాథరావుగారు కుర్చీ చూపించారు. ఆమె మొదటినించీ చివరిదాకా చెప్పింది. ఆయన ఒక్కసారీ అడ్డు తగల్లేదు, తలూపుతూనే ఉన్నారు. జోగమ్మ బయటికొచ్చి, ఇలాంటి ఆఫీసరు ఎక్కడా ఉండడని అంది.

ఆయనకి ఒక్క ముక్కా వినపడదని వరుసలో నిలబడ్డ దాలయ్య నెమ్మదిగా చెప్పాడు.

"నాకెరికే," అంది జోగమ్మ. "ఇనపడే ఆపీసర్లెవులూ నన్నింతసేపు సెప్పనివ్వనేదు."