ఎమర్జెన్సీ వార్డుకు సైన్యం వచ్చింది

వచ్చిన రోగులను వచ్చినట్టు లెక్క పెట్టించడం. హెడ్‌నర్సు మార్తమ్మ ఆ రోజుకు పెట్టుకున్న ప్రత్యేకమైన పని అదొక్కటే. కృష్ణానగర్ పక్కనున్న ఆ సర్కారు ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎంతమంది వస్తారో చూడటానికి పై ఆఫీసు నుంచి సుబ్రహ్మణ్యం వచ్చి, తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. జనం పలచగా ఉంటే రెండో డాక్టరును వేరే ఊరికి మార్చేస్తారు. అప్పుడు ఒకరికి కుట్లు వేస్తున్నంతసేపూ ఇంకొకరు గుండె పట్టుకుని కూర్చోవలసిందే.

రోజూ కాలు పెట్టడానికి చోటుండని వార్డులో ఆ పూట ఈగ కూడా వాలలేదు. వేలికి కట్టు మార్పించుకోవడానికి వచ్చి, ఈ లెక్క సంగతి విన్న లీలాకుమారికి అది చూసి ప్రాణం ఉసూరుమంది. ఆవిడ షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు. సెట్టు మీంచి పడ్డ తన భర్త బతికి బట్టకట్టాడంటే మార్తమ్మ చలవే. ఆ మార్తమ్మ చచ్చినా అబద్ధానికి ఒప్పుకోదు గనక, ఆమెకు చెప్పకుండానే లీలాకుమారి బయటికెళ్ళి, తను పంపిన ఆర్టిస్టుల్లో పెద్దాయనకు ఫోను చేసింది.

"వీరరాఘవయ్యగారూ, ఫిల్మ్‌నగర్ సెట్లో మీ యుద్ధం ఇంకా మొదలవలేదుగా? రాజు వేషం హీరో మధ్యాహ్నం గానీ రాడంట. అందరినీ తీసుకుని ఆసుపత్రికొచ్చేయండి. రోగుల్లా కూర్చోవాలి, అంతే!"

వేషాలు తీసేసి రమ్మనడం మరిచిపోయింది. అరగంటలో కవచాలతో, ఒళ్ళంతా ఎర్రరంగుతో సైన్యం ఆటోలు దిగింది. వాళ్ళు దీన్ని ఆసుపత్రి సీను అనుకున్నారు. కాగితాలు పట్టుకుని కుర్చీలో కూర్చున్న సుబ్రహ్మణ్యం వాళ్ళ కంటికి డైరెక్టరులాగే కనిపించాడు. ఆయన తలెత్తినప్పుడల్లా అందరూ "అమ్మా!" అని ఒక్క గొంతుతో మూలిగేవారు. తల దించగానే టిఫిను సంగతి మాట్లాడుకునేవారు.

"నీకేమైందయ్యా?" అని సైనికుడి వేషంలో ఉన్న ఒక రహమత్ నగర్ కుర్రాణ్ణి అడిగాడు సుబ్రహ్మణ్యం.

"డైలాగ్ గిట్ల ఉందా సార్? జర ముందే చెప్పాలె గదా!"

సుబ్రహ్మణ్యం మొహం కందగడ్డలా అయింది. "సిస్టర్! లెక్క కోసం సినిమావాళ్ళను దింపుతారా? సున్నా రాసేస్తున్నాను!"

మార్తమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. అప్పటికే తడిదూదితో ఒక్కొక్కరి రంగూ తుడుస్తోంది. "ఈయనకి బీపీ రెండొందలు దాటిందండీ! ఏం పెద్దాయనా, మందులేసుకోవట్లేదా?"

"మత్తుగా ఉంటోందని మానేశానమ్మా. యుద్ధంలో తూలితే తీసేస్తారు" అన్నాడు వీరరాఘవయ్య.

పక్కవాడి అరికాలి మీద ఎరుపు ఎంత తుడిచినా పోలేదు. సెట్లో మేకు గుచ్చుకున్న గాయమది, చీము పట్టింది. ఇంకొకడు ఛాతీనొప్పిని గ్యాసని సరిపెట్టుకుంటూ తిరుగుతున్నాడు. పని పోతుందన్న భయంతో ఆసుపత్రి గడప తొక్కని మనుషులు వాళ్ళంతా. మార్తమ్మ ఒక్కరినీ వదల్లేదు. డాక్టర్లిద్దరూ చెరో వైపు పరుగెత్తారు. మార్తమ్మలాంటి మనిషిని చూస్తే ఎవరికైనా దణ్ణం పెట్టాలనే అనిపిస్తుంది.

"వీళ్ళు నటులు కదమ్మా" అన్నాడు సుబ్రహ్మణ్యం, గొంతు తగ్గించి.

"నటులేనండీ. జబ్బులే నిజమైనవి. కాస్త ఆ సెలైన్ సీసా పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా పట్టుకునే ఉన్నాడు. ఇద్దరు డాక్టర్లూ చాలకపోవడం కళ్ళారా చూసి, నిజంగా జబ్బున్నవాళ్ళనే లెక్కలో వేసుకుని, రెండో డాక్టరును కదిలించొద్దని రాసి వెళ్ళాడు.

సగం సైన్యం మంచాలెక్కడంతో, ఫిల్మ్‌నగర్‌లో రాజుగారు యుద్ధం వాయిదా వేసుకున్నారు.