ఆరు గంటల సభ, పదకొండు నిమిషాల వీడియో

ఆ గురువారం ఉదయం కాయిజ్జి వేసుకున్న పథకం చాలా చిన్నది. నిన్న జరిగిన జిల్లా కౌన్సిల్ సమావేశం వీడియోను పది గంటలలోపు ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఆ తరువాత చైర్మన్ బోసా గదిలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, తన ఫైలు సంగతి గుర్తు చేయాలి. ఉగాండాలోని బుకసేరా జిల్లా కార్యాలయంలో అతను పద్నాలుగు నెలలుగా తాత్కాలిక కంప్యూటర్ ఉద్యోగి. కౌన్సిల్ ఊ అంటే పర్మనెంటు అవుతాడు. పర్మనెంటు కాకుండా పిల్లనడగడానికి తమ గడప తొక్కవద్దని కాబోయే మామగారు ఖరాఖండిగా చెప్పేశాడు.

అడ్డంకి ఒక్కటే. వీడియో ఆరు గంటలుంది. కార్యాలయం ఇంటర్నెట్ దాన్ని మోసి పైకెక్కించేసరికి మళ్ళీ ఎన్నికలు వచ్చేస్తాయి. అయితే కాయిజ్జి దగ్గర ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టు ఉంది. దానికి బొత్తాలూ బొమ్మలూ ఉండవు. నల్ల తెర మీద ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేస్తే వీడియోను కోస్తుంది, కుదిస్తుంది, ప్రసారం కూడా చేస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేయడం దాని గొప్పతనం. ప్రమాదం కూడా అదే.

ఏమీ కదలని చోటల్లా కోసెయ్యమని కాయిజ్జి ఆజ్ఞ ఇచ్చాడు. మొదటిసారి ఒక్క నిమిషమూ తగ్గలేదు. కారణం సభలోని సీలింగ్ ఫ్యాన్. ఆరు గంటలూ అలుపెరగక పనిచేసింది అదొక్కటే. అందుకని ఒక అంకె పెంచి, ఫ్యాన్ పాటి కదలికను లెక్కలోకి తీసుకోవద్దన్నాడు. తరువాత బయటికి వెళ్ళి, చపాతీలో గుడ్డు చుట్టిన రోలెక్స్ ఒకటి తిని, మూతి తుడుచుకుని వచ్చేసరికి పని పూర్తయింది. చూడకుండానే ఎక్కించేశాడు.

చూసి ఉంటే ఈ కథే లేదు. కౌన్సిల్ సభ్యులు ఫ్యాన్ కంటే తక్కువ కదిలే మనుషులని పాపం అతనికి తట్టలేదు. ఆరు గంటల సభ పదకొండు నిమిషాలయింది. ఉగాండా జాతీయ గీతానికి లేవడం రెండు నిమిషాలు, లోపలికి దూరిన మేకను తరమడం ఒక నిమిషం, మిగిలిన ఎనిమిదీ టీ, సమోసాల దగ్గర తోపులాట.

పన్నెండు కొట్టకముందే అతని గది తలుపు దభాలున తెరుచుకుంది. ముందు నంతెజా, వెనక ఆమె భర్త, కౌన్సిల్ సభ్యుడు కతెండె.

"బాబూ, ఈయన నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సభలోనే ఉన్నానంటాడు. నీ వీడియో మూడుసార్లు చూశా. ఈయన చిటికెన వేలు కూడా కనబళ్ళేదు. ఎక్కడ ఊరేగొచ్చాడో నువ్వైనా చెప్పు" అంది నంతెజా.

"ఉన్నానే తల్లీ! వెనక వరసలో ఉన్నా. చెప్పవయ్యా కాయిజ్జీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు కతెండె.

కాయిజ్జి వీడియో తిప్పి చూశాడు. వెనక వరుసలోని కతెండె అందరూ కూర్చున్నప్పుడే కనిపిస్తాడు. అందరూ కూర్చుంటే ఏమీ కదలదు. ఏమీ కదలని చోటల్లా పనిముట్టు కోసేసింది. అందరూ లేచినప్పుడేమో ఆయనకు ముందువాళ్ళ వీపులు అడ్డం.

ఒక కాపురం నిలబెడదామన్న మంచి బుద్ధితో కాయిజ్జి నోరు జారాడు. "అమ్మా, మీవారు సభలోనే ఉన్నారు. నాది పూచీ. ఏమీ జరగని భాగం కోసేశాను, ఆయన అందులో ఉన్నారు."

"అంటే, ఆరు గంటలు కూర్చుని ఈయన ఏమీ చెయ్యలేదంటావా?"

"ఆయనొక్కరే కాదమ్మా. ఎవరూ చెయ్యలేదు."

వరండాలో సర్టిఫికెట్ల కోసం బారు కట్టిన జనం ఈ మాట చెవులారా విన్నారు. మధ్యాహ్నానికి బజారంతా గుప్పుమంది. చైర్మన్ బోసా ముందురోజు సాయంత్రమే రేడియోలో, ఆరు గంటలు కుర్చీ దిగకుండా ప్రజల కోసం చెమటోడ్చామని చెప్పి ఉన్నాడు.

"పదకొండు నిమిషాలకే అంత చెమటా?" అంది టమాటాలమ్మే ఆవిడ. "సమోసాలు మరీ వేడిగా ఉన్నాయేమో పాపం!"

బోసా కాయిజ్జిని పిలిపించాడు. "నీకు మతుందా? మా సభలో ఐదు గంటల నలభై తొమ్మిది నిమిషాలు ఏ గంగలో కలిపావురా?"

"భద్రంగా ఉన్నాయి సెబో, అయ్యగారూ. కానీ అవి చూపిస్తే ఇంకా..."

"కానీ లేదు, గీనీ లేదు! మొత్తం వీడియో పెట్టు. ఒక్క క్షణం తగ్గినా నీ ఫైలు చెత్తబుట్టలో ఉంటుంది. జనం చూసి సిగ్గుతో తల దించుకోవాలి."

ఉద్యోగం కావలసినవాడు అంతకు మించి వాదించడు. శుక్రవారం ఉదయం కాయిజ్జి మరో వరుస టైపు చేసి, ఇంటర్నెట్ మోయగలిగేలా బొమ్మ నాణ్యత తగ్గించి, అసలు వీడియోను అసలు వేగంతో, మొదటి నుంచీ ప్రసారానికి వదిలాడు. బజారులోని వీడియో హాలు యజమాని దాన్ని పెద్ద తెర మీద ఉచితంగా వేశాడు. పరాయి భాష సినిమాలకు మైకులో కథ చెప్పే వ్యాఖ్యాత ఆ హాల్లో ఒకడున్నాడు. అతను ఊరుకుంటాడా? "ఇదిగో, మన హీరో బోసా! గడ్డం ఛాతీకి ఆనింది. శత్రువు చుట్టుముట్టాడు, అయినా హీరో లేవడు!" అంటూ అందుకున్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

నాలుగో గంటలో తెర మీద గుమాస్తా లేచి ఒక కాగితం చదివాడు. "బజారు బోరింగు పంపు బాగు చేయించాలని తీర్మానం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు. ఎక్కడో గురక వినిపించింది. గుమాస్తా ఏకగ్రీవమని రాసుకుని కూర్చున్నాడు.

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆ పంపు చెడి ఎనిమిది నెలలు. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక వంక పెట్టి ఆ తీర్మానాన్ని ఆపుతూ వచ్చారు. టమాటాలావిడ నీళ్ళు పట్టే పసుపుపచ్చ జెర్రీక్యాను చంకనెత్తుకుని జిల్లా కార్యాలయానికి ముందు నడిచింది. ఆమె వెనక రెండువందల మంది, తీర్మానం ప్రకారం పంపు బాగు చేయించమని అరుస్తూ.

"ఏ తీర్మానం?" అన్నాడు బోసా, కిటికీలోంచి ఆ జెర్రీక్యాన్లను చూసి. కాయిజ్జి చెవిలో చెప్పాడు. బోసా చొక్కా సర్దుకుని బయటికొచ్చాడు. "అవునమ్మా! మీ కష్టం చూడలేక మేమే పట్టుబట్టి చేయించాం!"

సోమవారం పంపులో నీళ్ళు పడ్డాయి. ఆడవాళ్ళు సంతోషంతో కూతలు పెట్టారు. బోసా రిబ్బను కత్తిరించి, కాయిజ్జి భుజం తట్టి, "నువ్వు మనవాడివిరా! బుధవారం సభలో నీ ఫైలు పెట్టిస్తా. అడ్డెవడొస్తాడో చూస్తా" అన్నాడు. కాయిజ్జి ఆ సాయంత్రమే దర్జీ దగ్గరికి వెళ్ళి, పిల్లనడగడానికి వేసుకునే తెల్లని పొడుగు కాంజుకు కొలతలిచ్చాడు.

బుధవారం సభ్యులందరూ వేళకు వచ్చారు. చిక్కటి కాఫీ రెండేసి కప్పులు తాగి మరీ వచ్చారు. కునుకు తీస్తే ఏ తీర్మానం గట్టెక్కిపోతుందోనని ఎవరూ రెప్ప వాల్చలేదు. కెమెరా పక్కన నిలబడిన కాయిజ్జి మాత్రం, ఒక్క పది నిమిషాలు వీళ్ళను నిద్రపుచ్చమని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాడు. నాలుగో గంటలో గుమాస్తా లేచాడు.

"కంప్యూటర్ ఉద్యోగి కాయిజ్జిని పర్మనెంటు చేయాలని తీర్మానం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి."

సభ్యులు పద్దెనిమిది మంది. లేచిన చేతులు పంతొమ్మిది. ఇంట్లో భార్యకు వీడియోలో కనబడాలని కతెండె రెండూ ఎత్తాడు.