మేకుకి తగిలించేదాకా

ఆ ఊళ్ళో హాలు గోడకి తగిలించిన ఫ్యామిలీ ఫొటోలో ఎవరు ఏ బట్టల్లో ఉంటే, ఇంకో ఫొటో కోసం దాన్ని దింపేదాకా వాళ్ళు ఆ బట్టల్లోనే ఉంటారు. విప్పితే రావు. కొత్త ఫొటో దిగే రోజు తప్ప ఆ ఫ్రేము మేకు మీదనుంచి లేవదు. ఫొటోలో పడినంత మేరకే ఈ పద్ధతి వర్తిస్తుంది. పడని భాగంలో ఎవరిష్టం వారిది. పిల్లలు పెరిగేకొద్దీ వాళ్ళ బట్టలూ పెరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. నవ్వు సంగతే కొంతకాలం ఎవరికీ సరిగ్గా తెలియలేదు. తర్వాత మున్సిపాలిటీ వారు, ఫొటో కోసం ముఖానికి పెట్టుకున్నది ఏదైనా బొట్టూ కాటుకలతో సమానమేనని, కాబట్టి నవ్వు కూడా అందులోకే వస్తుందని తేల్చారు.

ఇందుమతి పదకొండేళ్ళుగా ఆకుపచ్చ పట్టుచీరలో ఉంది. ఆ చీర ఆమెది కూడా కాదు, ఆడపడుచు సరోజినిది. గృహప్రవేశం రోజు ఫొటోకి నిలబడితే ఇందుమతి చీర గోడ రంగులో కలిసిపోతోందని, "ఒక్క పది నిమిషాలు నాది కట్టుకో వదినా" అని సరోజినే ఇచ్చింది. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో, "నా చీర జాగ్రత్త వదినా, పసుపు మరకలు పడితే పోవు" అంటుంది. పైట జారకుండా భుజం మీద గుచ్చిన పిన్నీసు కూడా అక్కడే ఉండిపోయింది. ఇందుమతి ఆ చీరతోనే స్నానం చేస్తుంది, ఆ చీరతోనే ఆరుతుంది, తాలింపు పెడుతుంది, పడుకుంటుంది. జరీ ఒరుసుకుని నడుము దగ్గర చర్మం నల్లబడి గరుకు తేలింది. ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళకి ఉన్నదే కాబట్టి మందుల షాపులో దానికని ఒక ఆయింట్‌మెంట్ దొరుకుతుంది.

నవ్వు మాత్రం ఆమెకి కష్టమైంది. అప్పట్లో భర్త పానకాలరావు, "నవ్వవేంటి, ఎవరో ఎత్తుకొచ్చినట్టు నిలబడ్డావు" అంటే పళ్ళు కనబడేలా నవ్వింది. నాలుగేళ్ళ క్రితం తల్లి పోయినప్పుడు ఆ పట్టుచీరతోనే, ఆ నవ్వుతోనే వెళ్ళింది. ఎవరూ తప్పుపట్టలేదు. అక్కడున్న వాళ్ళలో సగం మంది నవ్వుతూనే ఉన్నారు. కానీ పాడె లేపుతున్నప్పుడు ఏడుపు గొంతుదాకా వచ్చి, నోరు ఖాళీ లేక అక్కడే ఆగిపోయింది. అన్నం తింటున్నప్పుడు ఇప్పటికీ అది అడ్డం పడుతున్నట్టు ఉంటుంది ఆమెకి.

ఇంట్లో మిగతా వాళ్ళకి ఇంత ఇబ్బంది లేదు. పానకాలరావు కోటు, టైతో దిగాడు. తల్లి కూర్చున్న కుర్చీ వెనక నిలబడి నడుము దాకానే ఫొటోలో పడ్డాడు కాబట్టి ఇంట్లో కోటు, టై, లుంగీతో ఫ్యాను కింద కూర్చుంటాడు. ఎండాకాలంలో కూడా కోటుతో కనబడే మనిషిని గుమాస్తా అనడం బాగోదని కరెంటాఫీసులో ఈ మధ్యే పెద్ద సీటు ఇచ్చారు. అత్తగారు సుబ్బాయమ్మ, మెరుస్తుందని కళ్ళజోడు తీసి ఫొటోలో కూర్చుంది. అప్పటినుంచి ఏ కళ్ళజోడూ ఆమె చెవుల మీద నిలవదు. మనుషుల్ని గొంతును బట్టి, బియ్యంలో రాళ్ళని వేళ్ళని బట్టి గుర్తుపడుతుంది. కూతురు లహరి అయిదేళ్ళప్పటి బాతుబొమ్మల గౌనులో ఇంటర్‌కి వచ్చింది. దానికి తగ్గట్టు బాతులూ పెద్దవయ్యాయి. పక్కింటి వంశీ కృష్ణాష్టమి నాడు ఫొటో దిగిన పాపానికి, నెమలి పింఛంతో, చేతిలో పిల్లనగ్రోవితో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాసి వచ్చాడు.

కొత్త ఫొటో ఎప్పుడైనా తీయించుకోవచ్చు. ఎవరూ వద్దనరు. కాకపోతే ఇంట్లో నలుగురికీ ఒకేరోజు వీలు కుదరాలి. పదకొండేళ్ళలో అది కుదరలేదు. చివరికి లహరి, బాతులతో కాలేజీకి వెళ్ళేది లేదని మంచమెక్కి కూర్చోవడంతో, వచ్చే ఆదివారం అనుకున్నారు. బట్టల షాపుకి వెళితే షాపతను మామూలుగానే, "ఎన్నేళ్ళకి చూపించమంటారు సార్?" అని అడిగాడు.

"ఒక పదిహేనేళ్ళకి చూపించు," అన్నాడు పానకాలరావు. అందరికీ వంకాయరంగు తీసుకున్నాడు. ఇంటికొచ్చి, "ఇప్పుడందరూ ఒకే రంగులో దిగుతున్నారు. చూడగానే ఒక కుటుంబంలా ఉంటుంది," అన్నాడు.

"ఇప్పుడెలా ఉన్నాం?" అంది లహరి.

"నన్నడక్కు తల్లీ, నాకేం కనబడి చచ్చింది," అంది సుబ్బాయమ్మ.

లహరి జీన్స్ అడిగింది. కాలేజీకైతే సరే, రేపు ఉద్యోగానికి వెళ్ళినా, పెళ్ళిచూపులకి కూర్చున్నా అదే కదా, అప్పటికప్పుడు నలుగురికీ ఎక్కడ కుదురుతుంది అన్నాడు తండ్రి. అందులో న్యాయం ఉంది కాబట్టి వంకాయరంగు చుడీదార్‌కి ఒప్పుకుంది.

"నేను నేతచీర కట్టుకుంటాను," అంది ఇందుమతి. "పెట్టెలో మెత్తబడిన తెల్లదొకటి ఉంది. నవ్వను కూడా."

ఇది ఆమె నవ్వుతూ చెప్పడంతో మొదట ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి చెప్పింది.

"తెల్లదేంటి అమ్మాయ్, మంగళప్రదమైన ఫొటోకి," అంది అత్తగారు. "నవ్వకపోతే వచ్చినవాళ్ళు మమ్మల్ని అనుకుంటారు. ఏం పెడుతున్నారో ఏమో అని."

"అనుకోనివ్వండి అత్తయ్యగారూ. నాకు దవడలు నొప్పెడుతున్నాయి."

పానకాలరావు టై సర్దుకున్నాడు. "ఓ పని చెయ్. అమ్మ కూర్చునే సోఫా వెనకాల నిలబడు. తల ఒక్కటే పడుతుంది. తెల్లది కట్టుకుంటావో, నైటీ వేసుకుంటావో, కింద ఏదుంటే ఎవడికి కావాలి."

ఇందుమతికి నమ్మబుద్ధి కాలేదు. మెడ కింద నుంచి ఫొటోలో పడకపోతే, పదిహేనేళ్ళపాటు రోజుకో చీర మార్చుకోవచ్చు. అడిగినదానికంటే ఎక్కువ దొరికింది. "మరి నవ్వు?" అంది.

"నీ ఇష్టం. నిన్ను బలవంతం చేసిందెప్పుడు?" అన్నాడు పానకాలరావు.

ఆదివారం పొద్దున పాత ఫ్రేము మేకు మీదనుంచి లేవగానే ఇందుమతి నోరు మూతపడింది. ముందు ఆమె భుజం మీద పిన్నీసు తీసి కిటికీలో పెట్టింది. లహరి గౌను గుండీలు తెంపుకుని బయటపడింది. సుబ్బాయమ్మ డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని కోడలి వంక చూసింది.

"అదేంటి అమ్మాయ్, తల నెరిసిపోయింది?"

"ఎప్పుడో నెరిసింది అత్తయ్యగారూ."

స్టూడియోలో ఫొటోగ్రాఫర్ మస్తాన్ ముగ్గుర్ని సోఫాలో కూర్చోబెట్టి, ఇందుమతిని వెనక నిలబెట్టాడు. "రెడీ" అనగానే సుబ్బాయమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్టుకోండి పెద్దమ్మగారూ, తర్వాత ఇబ్బంది పడతారు," అన్నాడు మస్తాన్.

"వద్దులే నాయనా. మరీ ముసలిదానిలా ఉంటాను."

"మేడమ్, మీరు కొంచెం నవ్వాలి."

"నేను నవ్వను బాబూ."

మస్తాన్ పానకాలరావు వంక చూశాడు. "తీసెయ్, తీసెయ్," అన్నాడు పానకాలరావు.

ఫ్రేము కట్టి తేవడానికి గురువారం అవుతుందన్నారు. ఈలోపు ఇంట్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళున్నారు. సరోజినికి చీర పార్సెల్ చేస్తే వెంటనే ఫోన్ వచ్చింది. "ఇలా నలిపి పంపావేంటి వదినా? ఒక్క పది నిమిషాలకేగా ఇచ్చాను."

బుధవారం మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు కడుగుతుండగా ఇందుమతికి ఏడుపు వచ్చింది. నాలుగేళ్ళ క్రితందే. మొదట చిన్నగా వచ్చి, తర్వాత కూర్చోబెట్టేసింది. చప్పుడు విని సుబ్బాయమ్మ కళ్ళజోడుతో బయటికొచ్చింది.

"ఏమైందమ్మాయ్?"

"మా అమ్మ పోయింది అత్తయ్యగారూ."

ఎప్పుడో పోయింది కదా అనలేదు సుబ్బాయమ్మ. "అవునమ్మా," అని పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. సగం ఏడిచాక పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఇందుమతి లేచింది. మిగతాది రేపు ఏడవచ్చనుకుంది. ఇక వీలున్నప్పుడల్లా ఏడవచ్చు.

గురువారం ఆమె వంటింట్లో నేతచీర కొంగు దోపుకుని బెండకాయలు తరుగుతోంది. హాల్లో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఫ్రేము గోడకి తగిలింది. ఇందుమతి పెదవులు రెండు పక్కలకీ సాగి, పళ్ళు బయటికొచ్చాయి. ఆమె కత్తిపీట మీదనుంచి లేచి, చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చింది.

ఫొటో బాగా వచ్చింది. వంకాయరంగులో ముగ్గురు, వాళ్ళ వెనక నవ్వుతున్న తల ఒకటి.

"కొత్తదేం కాదు," అన్నాడు పానకాలరావు కుర్చీ దిగుతూ. "మస్తాన్‌కి పాత ఫొటో ఇచ్చి అందులో నవ్వే తీసి పెట్టించాను. నీదే. వేరేవాళ్ళది పెడితే నీకు నప్పదు కదా."

ఇందుమతి ఒళ్ళు తడుముకుని చూసుకుంది. చీర మెత్తగానే ఉంది. పైట తీసి మళ్ళీ వేసుకుంటే పడింది. మాట తప్పలేదు అతను.

"అమ్మాయి నవ్వుతోందా?" అని అడిగింది సుబ్బాయమ్మ, గోడ మీద ఫొటో లేని వైపు చూస్తూ. కళ్ళజోడు ఆమె కాళ్ళ దగ్గర పడి ఉంది.

"నవ్వుతోందమ్మా."

"అయితే మంచిదే."

లహరి ఫొటోని, తల్లినీ మార్చి మార్చి చూసింది. పాత ఫొటోలో నవ్వలేదు కానీ, ఇందులో తను కూడా బాగానే నవ్వింది. చుడీదార్ వచ్చిన సంతోషంలో నవ్వింది. ఇప్పుడు నోరు మూయడానికి ఒకసారి ప్రయత్నించి, రెండు చేతులతో బుగ్గలు పట్టుకుంది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అంది.

"నాది పాతదేగా," అంది ఇందుమతి నవ్వుతూ. "నీది కొత్తది. రెండు రోజులు పట్టేసినట్టుంటుంది. తర్వాత తెలియదు."