ముక్కు పట్టుకుంటే బాత్రూం

పది గంటలకి ఆస్పత్రి నుంచి సిస్టరు వస్తుంది. ఆలోగా గది ఊడ్చి, దుప్పటి మార్చి, నాన్నకి గడ్డం గీసి, ప్రథమ చికిత్స పుస్తకం బల్ల మీద కనబడేలా పెట్టాలి. ఆ పొద్దున లిఫ్టుల మెకానిక్ వేసుకున్న ప్లాను ఇంతే. మొదటి మూడు పనులూ సవ్యంగా జరిగాయి.

సిస్టరు తెచ్చే ఫారంలో ఇరవై ప్రశ్నలుంటాయని ఆస్పత్రివాళ్లు ముందే చెప్పి, ఒక కాపీ ఇచ్చారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషిని ఇంట్లో ఉంచుకోవచ్చా, దీర్ఘకాల వార్డుకి పంపాలా అన్నది ఆ ఫారమే తేలుస్తుంది. వార్డు ఉన్న భవనంలో లిఫ్టు చూసేది మెకానిక్కే. అందులో అంకెలు అరిగిపోయిన బటన్లు రెండు. ఒకటి వార్డు ఉన్న మూడో అంతస్తుది. రెండోది శవాల గది ఉన్న నేలమాళిగది. మిగతావి బిగించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఈ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. నాన్నని పంపేది లేదని మాత్రం చెప్పాడు.

"పద్నాలుగోది ఒకసారి చెప్పండి," అంది భార్య. ఆవిడ ఒకటో తరగతికి టీచరు. మొగుణ్ణి కూడా అదే గొంతుతో అడుగుతుంది.

"ఇంట్లో ప్రథమ చికిత్స తెలిసినవారు ఉన్నారా? ఉన్నారు. నేనే."

"నేల చూపులు చూడకుండా చెప్పండి. మీరు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి."

"పుస్తకం చూపిస్తాగా."

ఆ పుస్తకం నాన్నదే. ఆయన రేకుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ప్రథమ చికిత్స గది నడిపాడు. వేళ్లు తెగినవాళ్లకి కట్లు కట్టాడు, కళ్లలో ఇనుప రజను పడ్డవాళ్లకి తీశాడు, కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు చెప్పాడు. ఇంట్లో చెప్పబోతే ఎవరూ వినలేదు. ఆయన మంచాన పడ్డాకే పుస్తకానికి ఇంట్లో పని దొరికింది. మంచానికి ఒక కోడు పొట్టి. దాని కింద పెట్టారు.

మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో మంచం ఎత్తి, రెండో చేత్తో పుస్తకం లాగాడు. పుస్తకం వచ్చింది. మంచం జారింది. నాన్న కింద పడకుండా పక్కన బిగించిన ఇనుప కమ్మీ వచ్చి అతని ముక్కుకి తగిలింది. దాన్ని బిగించింది అతనే. కదలకుండా బిగించాడు.

"ఏవండీ, రక్తం!"

"కనిపిస్తోంది. పుస్తకంలో చూడు."

టీచరు పేజీలు తిప్పింది. "దొరికింది. ముక్కు వెంట రక్తం. మొదట రోగిని..."

మెకానిక్ తొంగిచూశాడు. టపటపా నాలుగు చుక్కలు పేజీ మీద పడ్డాయి. కంగారులో ఆవిడ పుస్తకం మూసింది. మళ్లీ తెరవబోతే పేజీలు అంటుకుపోయాయి.

"మొదట రోగిని ఏం చెయ్యాలి?" అన్నాడతను.

"పడుకోబెట్టాలేమో. రోగిని ఇంకేం చేస్తారు?"

నేల మీద పడుకోబెట్టింది. మెడ కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి, నెత్తి మీద చెంబుడు నీళ్లు పోసింది. మార్చిన దుప్పటి అంచు తడిసింది.

"ఆగిందండీ. బయటికి రావట్లేదు."

"లోపలికి వస్తోంది," అన్నాడు మెకానిక్, గుటక వేస్తూ.

మంచం మీంచి గురక లాంటి చప్పుడొచ్చింది. నాన్న దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకి ఎడమ చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. ఆ చేత్తో తన ముక్కు పట్టుకుని, తల ముందుకి వంచి, కోడలి వంక చూస్తున్నాడు.

ఎదుటి గోడకి టీచరు గీసిన చార్టు ఉంది. ఆరు బొమ్మలు. నుదురు తాకితే తలనొప్పి, గొంతు తాకితే నీళ్లు, ముక్కు పట్టుకుంటే బాత్రూం. ఈ సైగలకి ఆయన ఒప్పుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఒప్పుకున్నానని చెప్పే సైగ చార్టులో లేదు.

"ఇప్పుడేనా మామయ్యగారూ!" అంటూ టీచరు బెడ్‌పాన్ తెచ్చి పెట్టింది. రెండు నిమిషాలు ఆగి తీసింది. ఖాళీ.

ఈలోపు మెకానిక్ ముక్కులో దూది కుక్కింది. ముక్కు మూసుకుపోయింది. రక్తం నోట్లోకి దారి చూసుకుంది. నాన్న మళ్లీ ముక్కు పట్టుకున్నాడు. ఈసారి ఇంకా వంగాడు, ఇంకా గట్టిగా గురక పెట్టాడు. టీచరు మళ్లీ బెడ్‌పాన్ పెట్టింది. నాన్న దాన్ని లాగి విసిరాడు. అది ఇనుప బీరువాకి తగిలి, నేల మీద గుండ్రంగా తిరిగి, మెకానిక్ తల పక్కన ఆగింది.

ఆ మోతకి పక్క వాటా పిన్నిగారు వచ్చింది. నేల మీద కొడుకు, మొహం నిండా రక్తం, పక్కన బెడ్‌పాన్. మంచం మీద తండ్రి, ఎత్తిన చెయ్యి.

"ఎంత పని చేశాడమ్మా పెద్దాయన!"

"ఆయనేం చెయ్యలేదు పిన్నిగారూ. మంచం కొట్టింది."

"మా ఇంట్లోనూ మూడు మంచాలున్నాయి తల్లీ. ఇంతవరకూ ఒక్కటీ చెయ్యెత్తలేదు," అని పిన్నిగారు మెట్ల వైపు పరుగెత్తింది.

సిస్టరు పావుగంట ముందే వచ్చింది. మెట్ల మీద పిన్నిగారి గొంతు మెకానిక్‌కి స్పష్టంగా వినబడింది. "మూలన పడున్నాడు కదా అనుకున్నాం సిస్టర్. కన్నకొడుకుని బెడ్‌పాన్ పెట్టి కొట్టాడు!" ఫారంలో తొమ్మిదో ప్రశ్న అతనికి గుర్తొచ్చింది: రోగి ఇతరులపై చెయ్యి చేసుకుంటారా? ఆ తర్వాత మూడో అంతస్తు బటన్ గుర్తొచ్చింది.

లేవబోయాడు. అంతసేపూ మింగిన రక్తం ఒక్కసారిగా కక్కాడు. కొత్త దుప్పటి మీద.

"కడుపులో ఏదో పగిలింది!" అని టీచరు గొల్లుమంది.

మెకానిక్ ఆసరాకి మంచం పట్టుకున్నాడు. మంచం పొట్టికోడు వైపు ఒరిగింది. నాన్న ఎడమ చెయ్యి వచ్చి అతని జుట్టు పట్టుకుని తల ముందుకి వంచింది. ముక్కులోంచి దూది లాగి పారేసింది. ఎముక కింద మెత్తగా ఉండే చోట ముక్కుని రెండు వేళ్లతో నొక్కి పట్టింది.

సరిగ్గా అప్పుడు సిస్టరు గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పానా! ఇప్పుడు ముక్కు పీకేస్తున్నాడు!" అంది వెనక నుంచి పిన్నిగారు.

"విడిపించండి సిస్టర్," అంది టీచరు.

సిస్టరు సంచీ కింద పెట్టి, దగ్గరికొచ్చి, వంగి ఆ వేళ్లు చూసింది. "ఎవరూ ముట్టుకోకండి. మీరు నోటితో గాలి పీల్చండి. నోట్లోకి వచ్చింది మింగకుండా ఉమ్మెయ్యండి." తర్వాత పెద్దాయనని అడిగింది. "పది నిమిషాలా అండీ?"

ఆయన గోడ గడియారం వంక చూసి తలూపాడు.

టీచరు చార్టు వంక చూస్తూ నిలబడింది. నాలుగో నిమిషంలో ఆగిందేమో చూద్దామని మెకానిక్ తల కదిపాడు. వేళ్లు బిగిశాయి. ముక్కు పట్టుకుని ఉంటే నాన్న మొహం జానెడు దూరంలో ఉంది. మాట పడిపోయాక ఇంత దగ్గరగా చూడలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి. నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

పదో నిమిషంలో వేళ్లు వదిలాయి. రక్తం ఆగింది.

"రెండు సార్లు చెప్పారండీ," అంది టీచరు. "నేనేమో బెడ్‌పాన్ పెట్టాను."

"ఇవాళ ముక్కు చీదకండి," అంది సిస్టరు మెకానిక్‌తో. "మళ్లీ మొదలై అరగంటకీ ఆగకపోతే ఆస్పత్రికి రండి."

ఆవిడ ఒరిగిన మంచం మీదే ఒక చివర కూర్చుని ఫారం నింపింది. తొమ్మిదో ప్రశ్నకి 'లేదు' అని రాసింది. పిన్నిగారు ఇంటికెళ్లిపోయింది. చివరి పేజీలో 'ఇంట్లోనే ఉంచవచ్చు' అన్న చోట టిక్కు పెట్టాక, పద్నాలుగో గడి ఖాళీగా ఉందని చూసి వెనక్కి తిప్పింది.

"ఇంట్లో ప్రథమ చికిత్స తెలిసినవారు ఉన్నారా?"

మెకానిక్ నోరు తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూసుకున్నాడు.

సిస్టరు రాసుకుంది: 'ఉన్నారు. రోగి.'